నౌకల ఆస్పత్రికే జబ్బు చేస్తే?

2025 జనవరి 15న ముంబయి నేవల్ డాక్‌యార్డ్‌లో పండగ వాతావరణం. ఐఎన్ఎస్ సూరత్, ఐఎన్ఎస్ నీలగిరి, ఐఎన్ఎస్ వాగ్‌షీర్... ఒక డెస్ట్రాయర్, ఒక ఫ్రిగేట్, ఒక జలాంతర్గామి ఒకే రోజున నౌకాదళంలో చేరాయి. మూడూ పక్కనే ఉన్న మజగావ్ డాక్‌లో తయారైనవే. ప్రధాని స్వయంగా వచ్చి వాటిని జాతికి అంకితం చేశారు. టీవీ చానెళ్లు ఆ దృశ్యాలను రోజంతా చూపించాయి. చూపించాల్సిందే. మాజీ సైనికుడిగా నేనూ గర్వపడ్డాను.

కానీ ఆ రోజు నాకు పదేపదే గుర్తొచ్చింది వేరే నౌక. అంతకు ఆరు నెలల ముందు, 2024 జులై 21 సాయంత్రం, అదే డాక్‌యార్డ్‌లో రిఫిట్‌లో ఉన్న ఐఎన్ఎస్ బ్రహ్మపుత్రలో మంటలు లేచాయి. తెల్లారేసరికి సిబ్బంది వాటిని అదుపులోకి తెచ్చారు. హమ్మయ్య అనుకునేలోపే, ఆ మధ్యాహ్నం నౌక ఎడమ పక్కకు ఒరగడం మొదలైంది. ఎంత ప్రయత్నించినా నిలబెట్టలేకపోయారు. ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయాడు. 2000లో సేవలోకి వచ్చి, రెండు పుష్కరాలుగా సముద్రపు పోట్లను తట్టుకున్న నౌక, రేవు గోడకు తాళ్లతో కట్టి ఉండగానే పక్కకు పడుకుంది. ఏ శత్రువూ కాల్చలేదు, ఏ తుపానూ రాలేదు.

ఒక విషయం ముందే చెప్పాలి. నేను నేల మనిషిని. ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, దేహ్రాదూన్‌లో ఏడాది శిక్షణ పొంది సైన్యంలో ఈఎంఈ విభాగంలో చేరాను. ట్యాంకులు, తుపాకులు, వాహనాలు బాగుచేసే విభాగం మాది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉన్న మా కాలేజీలో నేర్చుకున్న చదువుతోనే ఉద్యోగ జీవితమంతా గడిపాను. నౌకల గురించి నాకు తెలిసింది కొంత చదివి, ఎక్కువ భాగం మా కోర్సులో నేవీ ఇంజినీరింగ్ శాఖకు వెళ్లిన ఒక మిత్రుడి ద్వారా. ఖడక్‌వాస్లాలో మూడు దళాల వారినీ కలిపి పెంచుతారు కాబట్టి అలాంటి స్నేహాలు అరవై దాటాక కూడా ఉంటాయి. అయితే బాగుచేసేవాడి కష్టం ఏ దళంలోనైనా ఒకటే. ఆ కోణంలోనే ఈ నాలుగు మాటలు.

తొంభైల మొదట్లో నేను పుణెలో పనిచేస్తున్నప్పుడు, ఒక శనివారం ఆ మిత్రుడు నన్ను ముంబయి పిలిచి డాక్‌యార్డ్ చూపించాడు. లయన్ గేటు దాటి లోపలికి వెళితే బయటి మహానగరం ఒక్కసారిగా మాయమైపోతుంది. రాతి గోడలు, పాత గోదాములు, వాటి మధ్య క్రేన్లు. మెట్లు దిగి నన్ను డ్రై డాక్ అడుక్కి తీసుకెళ్లాడు. అదొక రాతి లోయ. ఆ లోయలో దిమ్మెల మీద నిలబెట్టిన యుద్ధనౌక కింద నేను నిలుచున్నాను. నౌకను మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం. కింది నుంచి చూస్తే అది వేరే ప్రాణి. నాచు, గుల్లలు పట్టిన పొట్ట, మనిషి ఎత్తును మించిన ప్రొపెల్లర్లు, తుప్పును తమ మీదికి లాక్కోవడానికి అక్కడక్కడా బిగించిన జింకు పలకలు. నిక్కరు వేసుకున్న ఒక ముసలి కార్మికుడు చిన్న సుత్తితో పలకల మీద కొడుతూ, ఆ శబ్దం విని సుద్దముక్కతో గుర్తులు పెడుతున్నాడు. పలక ఎక్కడ పలచబడిందో చెప్పే పరికరం లేదా అని అడిగాను. ‘ఉంది, అది ఆయన పెట్టిన గుర్తులను సరిచూడటానికి వాడతాం’ అని నవ్వాడు మావాడు.

రిఫిట్ అంటే ఏమిటో ఆ రోజే అర్థమైంది. కారు సర్వీసింగ్ లాంటిది కాదది. ఉప్పునీటిలో తిరిగే ఉక్కు యంత్రానికి కాలం గడిచేకొద్దీ ఏదో ఒకటి కరిగిపోతూనే ఉంటుంది. నీటి మట్టానికి దిగువన వందల సంఖ్యలో కవాటాలుంటాయి. ఒక్కటి సరిగా మూసుకోకపోయినా సముద్రం లోపలికి వస్తుంది. వాటిని విప్పాలి, పరీక్షించాలి, మళ్లీ బిగించాలి. ఇరుసులు బయటికి లాగాలి. టర్బైన్లు ఎత్తాలి. రాడార్లు, సోనార్లు, క్షిపణి గొట్టాలు, మైళ్ల కొద్దీ కేబుళ్లు, అన్నీ చూడాలి. చిన్న రిఫిట్‌కు నెలలు, పెద్దదానికి ఏళ్లు. ఒక నౌక మూడు నాలుగు దశాబ్దాలు పనిచేయాలంటే ఇలా ఎన్నోసార్లు విప్పి కట్టాలి. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో హెర్మిస్‌గా చేరిన నౌక మన ఐఎన్ఎస్ విరాట్‌గా 2017 మార్చి దాకా పనిచేసిందంటే అందులో డాక్‌యార్డ్ కార్మికుల చెమట ఎంతుందో ఊహించుకోవచ్చు.

జాబితాలో ఉన్నవెన్ని, కదలగలిగినవెన్ని?

మన నౌకాదళానికి ఇప్పుడు 130కి పైగా నౌకలున్నాయి. 2035 నాటికి 175 నౌకల దళం కావాలన్నది లక్ష్యం. చర్చలన్నీ ఈ అంకెల చుట్టూనే తిరుగుతాయి. చైనాకు ఎన్ని, పాకిస్థాన్‌కు ఎన్ని అని పట్టికలు వేస్తారు. కానీ యుద్ధం మొదలైన ఉదయం లెక్కకొచ్చేది జాబితాలోని సంఖ్య కాదు, ఆ ఉదయం తాళ్లు విప్పుకొని బయల్దేరగలిగిన నౌకల సంఖ్య. సాధారణంగా మూడు నౌకలుంటే ఒకటి విధుల్లో, ఒకటి శిక్షణలో లేదా సన్నద్ధతలో, ఒకటి మరమ్మతులో ఉంటుందని లెక్క. మూడో విమానవాహక నౌక కావాలని నేవీ పెద్దలు ఏళ్లుగా అడుగుతున్నది కూడా ఈ లెక్కతోనే. మరమ్మతులో ఉన్నది గడువులోగా బయటికి రాకపోతే ఈ లెక్క మొత్తం తప్పుతుంది. కొత్త నౌక ఒకటి చేరిన నెలలోనే రెండు పాత నౌకలు డాక్‌యార్డ్‌లో అదనంగా ఆగిపోతే మన బలం పెరిగినట్లా, తగ్గినట్లా?

చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణ అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్. 1942 మేలో కోరల్ సీ పోరులో దెబ్బతిని పెర్ల్ హార్బర్ చేరింది. బాగుచేయడానికి మూడు నెలలు పడుతుందన్న అంచనా వచ్చింది. వందలాది కార్మికులు రాత్రింబవళ్లు పనిచేసి మూడు రోజుల్లో సముద్రంలోకి పంపారు. అది జూన్ 4న మిడ్‌వే యుద్ధంలో పాల్గొంది. అమెరికాకు ఆ రోజు మూడు విమానవాహక నౌకలుండటానికి, రెండే ఉండకపోవడానికి కారణం ఒక డాక్‌యార్డ్. అంతకు ఆరు నెలల ముందు పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన జపాన్ విమానాలు యుద్ధనౌకలను ముంచాయే గానీ, ఆ మరమ్మతు కేంద్రాన్నీ, చమురు ట్యాంకులనూ వదిలేశాయి. ఆ వదిలేసిన మూల్యం మిడ్‌వేలో చెల్లించుకున్నాయి.

మనకూ ఇలాంటి కథ ఉంది. 1971 యుద్ధానికి ముందు పాత విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్లు కనిపించాయి. యుద్ధానికి పనికిరాదన్నవారు చాలామందే. ఆవిరి ఒత్తిడి తగ్గించి, వేగానికి పరిమితి పెట్టుకుని, జాగ్రత్తలన్నీ తీసుకుని ఆ కుంటి నౌకనే తూర్పుకు పంపారు. అది కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌లపైకి విమానాలను పంపి తూర్పు పాకిస్థాన్‌కు సముద్రదారి మూసేసింది. దాన్ని వేటాడటానికి వచ్చిన ఘాజీ జలాంతర్గామి విశాఖ తీరానికి చేరువలో సముద్రం అడుగున ఇప్పటికీ పడి ఉంది. విశాఖ వాసులకు ఘాజీ కథ కంఠతా వచ్చు. విక్రాంత్ బాయిలర్ దగ్గర చెమటోడ్చిన ఇంజినీర్ల కథ ఎవరికీ రాదు.

రెండున్నర శతాబ్దాల దాటిన పునాది

ముంబయి డాక్‌యార్డ్ మన దేశంలో నేటికీ నడుస్తున్న అతి పాత పారిశ్రామిక సంస్థల్లో ఒకటి. 1730ల్లో ఈస్టిండియా కంపెనీ సూరత్ నుంచి లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగిని తెచ్చుకుంది. 1750లో ఇక్కడ తొలి డ్రై డాక్ కట్టారు. వాడియా కుటుంబం తరతరాలుగా మలబారు టేకుతో కట్టిన నౌకలు బ్రిటిష్ నౌకాదళంలో ఓక్ చెక్క నౌకల కంటే ఎక్కువ కాలం మన్నాయి. 1817లో ఇక్కడ జలప్రవేశం చేసిన ట్రింకోమలీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీదే తేలుతోంది. నల్లమందు యుద్ధం తర్వాత చైనా మెడలు వంచి సంతకం పెట్టించుకున్న 1842 నాటి నాన్‌కింగ్ ఒప్పందం జరిగింది కూడా ఇక్కడ కట్టిన కార్న్‌వాలిస్ నౌక మీదే. (మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి కూడా ఒకప్పుడు నౌకలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుమోసిన రేవే. తుపాన్లు, ఒండ్రు కలిసి దాన్ని మింగేశాయి. ఆ కథ మరోసారి.)

ఈ వారసత్వం గొప్పదే. అదే దానికి పెద్ద ఇబ్బంది కూడా. మహానగరం నడిబొడ్డున, ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఊరు. విస్తరించడానికి అంగుళం లేదు. పెద్ద నౌక కోసం కొత్త డ్రై డాక్ కట్టాలంటే సముద్రంలోకే వెళ్లాల్సి వచ్చింది. అలా కట్టినదే 2019 సెప్టెంబరు 28న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించిన విమానవాహక నౌకల డ్రై డాక్. పొడవు 281 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు, లోతు సుమారు 17 మీటర్లు. నింపితే 20 కోట్ల లీటర్లకు పైగా నీరు పడుతుంది. అది వచ్చేదాకా మన విమానవాహక నౌకలను అడుగు భాగం పరీక్షించాలంటే కొచ్చిన్ షిప్‌యార్డ్‌కు, అక్కడ ఖాళీ ఉన్నప్పుడు, తీసుకెళ్లాల్సి వచ్చేది. పశ్చిమ నౌకాదళపు ప్రధాన స్థావరంలో దాని ప్రధాన నౌకకు చోటు లేకుండా దశాబ్దాలు గడిపాం.

కార్వార్‌లో నౌకలను నీటిలోంచి పైకెత్తి నేల మీదికి తెచ్చే భారీ లిఫ్ట్ ఏర్పాటు చేశారు. 10,000 టన్నుల దాకా ఎత్తగలదు. మంచిదే. ముంబయి భారం కొంత అటు మళ్లింది. అయినా పశ్చిమ తీరంలో అత్యంత రద్దీ రేవు ఇదే.

రేవులో పొంచి ఉన్న ప్రమాదం

1971 డిసెంబరు 9న ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో శత్రువు చేతిలో మనం ఒక్క యుద్ధనౌకనూ కోల్పోలేదు. కానీ ఒక్క ముంబయి రేవులో జరిగినవి చూడండి.

2011 జనవరి చివర్లో ఐఎన్ఎస్ వింధ్యగిరి రేవులోకి వస్తూ ఒక సరకు నౌకను ఢీకొంది. మంటలు లేచాయి. మర్నాడు డాక్‌యార్డ్‌లోనే మునిగింది. 2013 ఆగస్టు 14 తొలి ఘడియల్లో సింధురక్షక్ జలాంతర్గామి ఆయుధాలు నింపుకొని ఉండగా పేలిపోయింది. 18 మంది మరణించారు. అది రష్యాలో పెద్ద రిఫిట్ పూర్తి చేసుకుని వచ్చి ఎన్నో నెలలు కాలేదు. 2016 డిసెంబరు 5న ఐఎన్ఎస్ బెత్వాను డ్రై డాక్ నుంచి బయటికి తెస్తుండగా ఒరిగిపోయింది. ఇద్దరు నావికులు చనిపోయారు. 2022 జనవరి 18న ఐఎన్ఎస్ రణ్‌వీర్‌లోని ఒక గదిలో పేలుడు జరిగి ముగ్గురు మరణించారు. అది తూర్పు నౌకాదళం నుంచి వచ్చిన నౌక, త్వరలోనే విశాఖకు తిరిగి రావాల్సి ఉంది. ఆ తర్వాత బ్రహ్మపుత్ర. చివరి నాలుగు ఘటనల్లోనే 24 మంది. వీరెవరూ యుద్ధంలో పోలేదు.

ఇవన్నీ ఒకే రకం ప్రమాదాలు కావు, అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. అయినా మరమ్మతులో ఉన్న నౌక ఎందుకంత బలహీనమో సామాన్య పాఠకుడికీ తెలియాలి. సముద్రంలో ఉన్న యుద్ధనౌక ఒక కోట. ప్రతి గదికీ నీరు చొరని తలుపు, ప్రతి మూలా మంటను పసిగట్టే పరికరం, పిలిస్తే పలికే రెండు మూడు వందల మంది సిబ్బంది. అదే నౌక రిఫిట్‌లోకి వెళితే తలుపుల గుండా తాత్కాలిక కరెంటు తీగలు, గాలి గొట్టాలు లాగుతారు కాబట్టి ఆ తలుపులు మూసుకోవు. మంటలార్పే గొట్టాల వ్యవస్థే మరమ్మతులో ఉంటుంది. సిబ్బందిలో సగం మంది సెలవుల్లోనో, కోర్సుల్లోనో ఉంటారు. లోపలంతా వెల్డింగ్ నిప్పురవ్వలు, పెయింట్ వాసన, చెత్త, చమురు గుడ్డలు. నౌక కెప్టెన్‌ది బాధ్యత, పనులు డాక్‌యార్డ్‌వి, మనుషులు కాంట్రాక్టరువారు. రాత్రి ఏ గదిలో ఎవరున్నారో ముగ్గురి దగ్గర మూడు జాబితాలుంటాయి.

మంట ఆరాక కూడా ప్రమాదం పోదు. పళ్లెంలో నీళ్లు పోసుకుని నడిచి చూడండి. పళ్లెం కొంచెం వంగితే చాలు, నీరంతా అటే పరుగెత్తి ఇంకా వంచేస్తుంది. మంటలార్పడానికి పై అంతస్తుల్లో కుమ్మరించిన వందల టన్నుల నీరు నౌకను సరిగ్గా అలాగే చేస్తుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే మహానౌక ఇలాగే మంటలారాక పక్కకు పడిపోయింది. ఈ పాఠం ఎనభై ఏళ్ల నాటిది. నౌకాదళంలో చేరిన ప్రతి యువ అధికారికీ నేర్పేదే.

బెత్వా విషయం ఇంకో రకం. డ్రై డాక్‌లోకి నీరు వదులుతున్నప్పుడు నౌక దిమ్మెల మీద నుంచి లేచి తేలే క్షణం ఒకటుంటుంది. సగం బరువు దిమ్మెల మీద, సగం నీటి మీద. ఏ ట్యాంకులో ఎంత చమురుందో, ఏ యంత్రం తీసి పక్కన పెట్టారో కచ్చితమైన లెక్క లేకపోతే ఆ క్షణంలో నౌక ఏ పక్కకు మొగ్గుతుందో చెప్పలేం. దిమ్మెల అమరిక విఫలమైందని తొలి ప్రకటనలో చెప్పారు. రెండున్నర నెలల తర్వాత, 2017 ఫిబ్రవరిలో, విదేశీ నిపుణుల సాయంతో దాన్ని నిలబెట్టారు. బాగుచేశారు కూడా. ఆ పనితనాన్ని మెచ్చుకోవాలి.

కాగ్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2007-08 నుంచి 2015-16 మధ్య నౌకాదళంలో 38 ప్రమాదాలు జరిగి 33 మంది మరణించారు. రెండు నౌకలు, ఒక జలాంతర్గామి పోయాయి. ఆ రెండో నౌక 2014 నవంబరులో విశాఖ తీరానికి దూరంగా మునిగిన టార్పెడో రికవరీ నౌక. ప్రమాదాలు నివారించడానికి ఏర్పాటు చేసుకున్న భద్రతా సంస్థకు ప్రభుత్వ ఆమోదం ఇంకా రాలేదని కూడా ఆ నివేదికే చెప్పింది. 

గడువు ఎందుకు తప్పుతుంది?

ఒక సంగతి నా అనుభవం నుంచి. ఉత్తరాదిలోని ఒక వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నప్పుడు ట్యాంకు ఇంజిన్ ఓవర్‌హాల్‌కు వచ్చింది. కాగితం మీద ఫలానా పన్నెండు పనులు. విప్పాక తేలినవి ఇరవై తొమ్మిది. అదనంగా కావాల్సిన ఒక చిన్న సీలింగ్ రింగు కోసం ఇండెంట్ పెడితే, అది ఏడు బల్లల మీదుగా తిరిగి పదమూడు నెలల తర్వాత వచ్చింది. వచ్చింది వేరే సైజు. ఆ ఏడాదంతా ఆ ట్యాంకు రికార్డుల్లో ‘మా దగ్గర ఉన్న ట్యాంకు’గానే లెక్కయింది. పై అధికారి తనిఖీకి వస్తే దాని మీద కొత్త పెయింటు వేయించిన పాపంలో నాకూ భాగముంది.

నౌకకు ఇది వెయ్యి రెట్లు. విప్పేకొద్దీ పని పెరుగుతుంది. అది ఎవరి తప్పూ కాదు, ఉప్పునీటి తప్పు. కానీ పని పెరుగుతుందని తెలిసీ విడిభాగాలు ముందే తెచ్చిపెట్టుకోకపోవడం మాత్రం మన తప్పు. మరమ్మతుల ఖర్చులో ఎక్కువ భాగం రెవెన్యూ పద్దు నుంచి వస్తుంది. కొత్త నౌక కొంటే ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పాత నౌకకు పంపు కొంటే ఏముంటుంది? జీతాలు, చమురు పోగా మిగిలినదాంట్లో సర్దుకోమంటారు.

దీనికి తోడు మన డెస్ట్రాయర్లలోనూ, తల్వార్ తరగతి ఫ్రిగేట్లలోనూ ఉన్న గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో తయారైనవి. నౌకల్లో కొన్ని రష్యావి, ఇంజిన్లు ఉక్రెయిన్‌వి. 2022 ఫిబ్రవరి నుంచి ఆ రెండు దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధం చేసుకుంటున్నాయి. మన ఇంజినీర్ల పరిస్థితి ఊహించుకోండి. విడిభాగాలను దేశంలోనే తయారుచేసుకోవాలన్న మాటకు ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

2014 ఫిబ్రవరి 26న ముంబయి డాక్‌యార్డ్‌లో రిఫిట్ చేసుకుని పరీక్షలకు వెళ్లిన సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు మరణించారు. ఆ రోజే నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె.జోషి నైతిక బాధ్యతతో రాజీనామా చేశారు. మన దేశంలో పదవిలో ఉండగా ప్రమాదానికి బాధ్యత వహించి తప్పుకున్న దళాధిపతి ఆయనొక్కరే. బ్యాటరీల కొనుగోలు ఆలస్యం గురించి అప్పట్లో చాలా చర్చ జరిగింది. ఆ ఫైళ్లు నడిపే అధికారం ఆయన చేతిలో ఎంతుంది? అధికారం ఒకచోట, బాధ్యత మరోచోట. రాజీనామా ఎప్పుడూ బాధ్యత ఉన్నవాడే చేస్తాడు.

విశాఖ విషయానికొస్తే...

తూర్పు తీరంలో ఈ పని విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌ది. రెండో ప్రపంచ యుద్ధకాలపు చిన్న స్థావరాన్ని 1960ల చివర్లో సోవియట్ సాయంతో పెద్ద మరమ్మతు కేంద్రంగా తీర్చిదిద్దడం మొదలుపెట్టారు. 1968లో మన తొలి జలాంతర్గామి కల్వరి ఇక్కడికే వచ్చింది. రష్యన్ అక్షరాలు నేర్చుకుని ఆ యంత్రాలను లొంగదీసుకున్న తరం ఒకటి మల్కాపురం, గాంధీగ్రామ్ ప్రాంతాల్లో రిటైరై ఉంది. 1980లో చేరిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 2021 మే దాకా, 41 ఏళ్లు, పనిచేసి విశాఖలోనే విశ్రమించింది. కట్టిన దేశమే లేకుండా పోయినా నౌకను నడిపించారు మనవాళ్లు.

అదే విశాఖలో, హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో, 2006లో రిఫిట్‌కు వెళ్లిన సింధుకీర్తి జలాంతర్గామి 2015లో గానీ బయటికి రాలేదు. తొమ్మిదేళ్లు! కొత్త జలాంతర్గామి కట్టడానికి కూడా అంత పట్టదేమో. అయితే ఆ తొమ్మిదేళ్లలో అక్కడి ఇంజినీర్లు, వెల్డర్లు జలాంతర్గామిని పూర్తిగా విప్పి కట్టడం నేర్చుకున్నారు. తర్వాత వాళ్లకు వరసగా పని ఇచ్చి ఉంటే ఆ మూల్యానికి ఫలితం దక్కేది. నేర్చుకున్న చేతులను ఖాళీగా ఉంచితే అవి మరిచిపోతాయి, లేదా గల్ఫ్‌కు వెళ్లిపోతాయి.

ఇప్పుడు పరిస్థితి వేరు. పని భారం విపరీతంగా పెరిగింది. 2024లో ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ పరిసరాల్లో సముద్రపు దొంగలను, డ్రోన్లను ఎదుర్కోవడానికి ఒకేసారి పది దాకా నౌకలను మోహరించాం. సోమాలియా దొంగల చేతిలోని ఎంవీ రుయెన్‌ను ఐఎన్ఎస్ కోల్‌కతా విడిపించిన తీరు ప్రపంచం మెచ్చుకుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో విమానవాహక నౌకతో సహా నౌకాదళం అరేబియా సముద్రంలో కాచుకుని కూర్చుంది. అలా తిరిగిన ప్రతి గంటా ఇంజిన్ల ఆయుష్షులో నుంచి తీసుకున్నదే. ఆ లెక్క ఎప్పటికైనా డాక్‌యార్డ్‌లో తీర్చాలి.

ఇంకోవైపు మరమ్మతు అన్నది ఈ ప్రాంతంలో దౌత్య సాధనమైంది. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళ సరఫరా నౌక చార్ల్స్ డ్రూ చెన్నై దగ్గరి కాట్టుపల్లిలోని ఎల్ అండ్ టీ యార్డ్‌కు మరమ్మతుకు వచ్చింది. ఆ తర్వాత ఎల్ అండ్ టీ, మజగావ్ డాక్, కొచ్చిన్ షిప్‌యార్డ్‌లతో అమెరికా నేవీ మరమ్మతు ఒప్పందాలు కుదుర్చుకుంది. శ్రీలంకలోని కొలంబో డాక్‌యార్డ్‌లో నియంత్రణ వాటా కొంటున్నట్లు మజగావ్ డాక్ 2025 జూన్‌లో ప్రకటించింది. హంబన్‌టోటలో చైనా కాలు మోపిన దేశంలో ఇది తెలివైన అడుగు. ఊళ్లో వైద్యుడికి అన్ని ఇళ్ల తలుపులూ తెరుచుకుంటాయి. అయితే ఆ వైద్యుడి ఇంట్లోవాళ్లకు మందు దొరుకుతోందా అన్నది నా ప్రశ్న. ఐఎన్ఎస్ విక్రమాదిత్య రిఫిట్ కోసం 2024 నవంబరులో కొచ్చిన్ షిప్‌యార్డ్‌కు 1,207 కోట్ల రూపాయల పని ఇచ్చారు. డబ్బూ ఉంది, నైపుణ్యమూ ఉంది. లేనిది జవాబుదారీతనం.

దాచిపెట్టడం వల్ల ఎవరికి లాభం?

2020 జులై 12న అమెరికాలోని శాన్ డియాగోలో మరమ్మతులో ఉన్న బానమ్ రిచర్డ్ అనే భారీ నౌక తగలబడింది. నాలుగు రోజులకు పైగా కాలి, చివరికి తుక్కు కింద పోయింది. మరుసటి ఏడాదే ఆ దేశ నౌకాదళం విచారణ నివేదికను ప్రజల ముందు పెట్టింది. అందులో దాచుకున్నదేమీ కనిపించదు. నౌకలోని మంటలార్పే కేంద్రాల్లో 87 శాతం పనిచేసే స్థితిలో లేవు, మంటల మీద నీరు పడటానికి గంటలు పట్టింది, నురుగు వదిలే మీట నొక్కాలని ఎవరికీ తట్టలేదు... అన్నీ రాశారు. ఇరవై మందికి పైగా అధికారులు, నావికులపై చర్యలు తీసుకున్నారు.

ఆ నివేదిక చదివి చైనా ఏం తెలుసుకుంది? ఒక నౌక పోయిందని. అది ఉపగ్రహ చిత్రంలోనే కనిపిస్తుంది. అమెరికా నావికులు ఏం తెలుసుకున్నారు? తమ నౌకలో రేపు ఏం సరిచూసుకోవాలో. బ్రహ్మపుత్ర ఒరిగిన ఫొటో కూడా మర్నాటికి ప్రపంచమంతా చూసింది. దాచడానికి మిగిలిందేమిటి?

రహస్యం విలువ తెలియక ఈ మాట అనడం లేదు. ఆయుధాల వివరాలు, సన్నద్ధత అంకెలు బయటపెట్టమని ఎవరూ అడగరు. కానీ ఫైర్ హోస్‌లో నీరుందా లేదా అన్నది దేశ రహస్యం కాదు. మన దగ్గర విచారణ సంఘం వేస్తారు. అది నివేదిక ఇస్తుంది. ఒకరిద్దరి మీద చర్య తీసుకుంటారు. నివేదిక బీరువాలోకి వెళుతుంది. పక్క రేవులో ఉన్న మరో నౌక కెప్టెన్‌కు అందులో ఏముందో పూర్తిగా తెలియదు. మా సైన్యంలో మందుగుండు గిడ్డంగుల ప్రమాదాల విషయంలోనూ ఇదే తంతు. అందుకే ఇది నేవీ మీద విమర్శ అనుకోవద్దు, మా ఇంటి సంగతి కూడా.

రిఫిట్ మొదలవడానికి ముందే కావాల్సిన విడిభాగాల్లో ఎక్కువ భాగం గోదాములో ఉంటే తప్ప నౌకను డాక్‌లోకి తీసుకోకూడదు. డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూళ్లలో సీట్లు పెంచాలి. శాశ్వత నైపుణ్యాన్ని కాంట్రాక్టు మనుషులతో భర్తీ చేయలేం. సుత్తి శబ్దం విని పలక మందం చెప్పే చెవి ఏ టెండర్‌లోనూ దొరకదు. వెల్డింగ్ ఆగాక కూడా కొంతసేపు ఆ గదిలో కాపలా ఉండాలన్న నియమం ఉంది. కాపలా మనిషికి జీతం ఇచ్చే పద్దు ఎవరిదో తేల్చాలి. అన్నిటికంటే ముందు, ప్రాణనష్టం జరిగిన ప్రతి డాక్‌యార్డ్ ప్రమాదంపైనా, రహస్య భాగాలు తీసేసిన నివేదికను పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు నిర్ణీత గడువులోగా పెట్టాలి. బ్రహ్మపుత్రతో మొదలుపెట్టవచ్చు.

ఇక్కడొక చిన్న విషయం. బానమ్ రిచర్డ్ తగలబడిన 2020 జులై 12 ఆదివారం. బ్రహ్మపుత్రలో మంటలు లేచిన 2024 జులై 21 కూడా ఆదివారమే. సింధురక్షక్ పేలింది అర్ధరాత్రి దాటాక. బ్రహ్మపుత్ర ఒరిగిన రోజు రాత్రి నా మిత్రుడు ఫోన్ చేశాడు. ఎలా జరిగింది, ఎవరి తప్పు అని ఒక్క మాట అనలేదు. ‘ఆదివారం సాయంత్రం లోపల ఎంతమంది ఉండి ఉంటారు? ఫైర్ మెయిన్‌లో ఒత్తిడి ఉందో లేదో ఎన్నింటికి చూసి ఉంటారు?’ అని మాత్రం అడిగాడు. స్థాయీ సంఘం సభ్యులు కూడా ముందుగా ఆ రెండే అడగాలి.